బోనమన్నం తిన్నాక బల్ల

అమీర్‌పేట గోడలన్నీ జావా కోర్సుల పోస్టర్లతో నిండిపోయిన రోజులవి. నేను ఒక దినపత్రిక డెస్కులో పనిచేస్తూ బల్కంపేటలో మేడమీద అద్దెకు ఉండేవాణ్ణి. నా భార్య మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునేది. ఆ ఏడే మా అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చింది.

బోనాల ఆదివారం సాయంత్రం, కింద ఉండే ఇంటి ఓనరమ్మ ఎప్పటిలాగే స్టీలు డబ్బాలో బోనమన్నం తెచ్చి ఇచ్చింది. బెల్లం వేసి వండిన అన్నం. నా భార్య గుమ్మం దగ్గరే చెంచాతో తినేసింది. అమ్మ చూసింది.

"విగ్రహానికి పెట్టింది తిని, వచ్చే ఆదివారం బల్ల దగ్గరికి ఏ మొహంతో వస్తావమ్మాయ్?"

నెలకోసారి చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడాన్ని మావాళ్లు బల్ల అంటారు. అది తప్పితే మనిషి సంఘానికి దూరమైనట్టే.

"తిండి వల్ల దేవుడికి దగ్గరా కాము, దూరమూ కాము. బైబిల్లో అపొస్తలుడే చెప్పాడు కదమ్మా" అన్నాను.

"పక్కవాడికి అభ్యంతరమైతే మాంసమే మానేస్తానన్నదీ ఆయనే. ఆ ముక్క మీ పేపర్లో వేయలేదేంటి?"

వారమంతా అత్తాకోడళ్లు ముక్తసరిగా మాట్లాడుకున్నారు.

ఆదివారం పొద్దున మేము మెట్లు దిగుతుంటే ఓనరమ్మ వాకిలి ఊడుస్తోంది.

"బోనమన్నం మంచిగుండెనా పెద్దమ్మా?"

"దాని గురించే మా ఇంట్లో గొడవ" అంది అమ్మ.

ఓనరమ్మ చీపురు గోడకు ఆనించింది. "మొక్కినంక ఇచ్చేది మీరు తినరని నాకెరుకనే. ఇంతకుముందు కిరాయికున్నోళ్లు సుత గట్లనే డబ్బ వాపస్ ఇస్తుండిరి. గందుకే బోనం కుండల ఎత్తకముందే మీది తీసి పక్కకు పెడుత."

"అమ్మవారికి పెట్టకముందే తీయొచ్చా?"

"తీయొద్దు. మా అత్త ఉంటే నన్ను సంపుతుండె. ఫికర్ జేయకు పెద్దమ్మా, ఎల్లమ్మ సుత ఆడిదే గదా, అర్థం జేస్కుంటది."

ఆటో ఎక్కి లక్డీకాపూల్ మీదుగా చర్చికి వెళ్లాం.

మా చర్చి తెల్లదొరల కాలంలో కట్టిన రాతి కట్టడం. గోడలకు ఇత్తడి పలకలు, వాటి మీద జ్వరాలతో ఇక్కడే పోయిన సిపాయిల పేర్లు. పాస్టరుగారు క్రీస్తు ఇచ్చిన స్వేచ్ఛ గురించి ప్రసంగిస్తుంటే నా మనసు వాకిట్లోనే ఉండిపోయింది. ఏదైనా తినగలగడమే స్వేచ్ఛ అని అమ్మతో వాదించాను. ఎవరికీ చెప్పకుండా, మా నియమం కోసం తన నియమం దాటిన ఓనరమ్మ ముందు ఆ వాదన చిన్నదైపోయింది.

బల్లకు వరుసలు లేస్తున్నాయి. మా బెంచీ చివర, నడవ వైపు అమ్మ కూర్చుంది. ఆమె లేస్తే తప్ప నా భార్య బయటికి రావడానికి లేదు.

నా భార్య వంగి మెల్లగా అంది: "అత్తయ్యా, అమ్మవారికి పెట్టిందే అయినా నేను తినేదాన్ని. అబద్ధం చెప్పి రాలేను. రమ్మంటారా, వద్దంటారా?"

అమ్మ ముందుకే చూస్తోంది. మా వంతు వచ్చింది. సంఘపెద్ద చేత్తో సైగ చేశాడు. వెనక బెంచీలో ఎవరో దగ్గారు.

"నాకింకా మనసొప్పలేదు" అంది అమ్మ చివరికి. "కానీ నిన్ను ఆపడానికి ఈ బల్ల నాది కాదుగా. ముందు నన్ను లేపు, మోకాలు పట్టేసింది."

నా భార్య చెయ్యి అందించింది.