రెండు గంటల పెట్టె

విమానాశ్రయం రోడ్డులో అందరూ ఆయన్ని పెట్టెల మావయ్య అంటారు. గాజుసామాను గానీ, యంత్రం గానీ, ఏది విమానం ఎక్కాలన్నా చెక్కపెట్టె ఆయన చేతి మీదే తయారవ్వాలి. ముప్పై ఏళ్లుగా ఆయన పెట్టెలు ఎన్ని విమానాలు ఎక్కాయో లెక్కలేదు. ఆయన మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. "నన్ను పట్టే పెట్టె ఇంకా చెయ్యలేదు" అని నవ్వేసేవాడు.

ఆయనుండేది మంచు కప్పే ఓ పెద్ద దేశానికి ఒక కొసన, ఆయన అక్క ఉండేది మరో కొసన. రమ్మని ఏటా పిలిచేది. గోడ మీది పటంలో ఈయన ఊరు ఇటు చివర, ఆమె ఊరు అటు చివర కనబడేవి. "అమ్మో, అంత దూరమే" అని ఈయన మాట దాటేసేవాడు.

ఆ చలికాలం అక్క ఇంట్లో అమ్మ గులాబీ ఎండిపోయింది. అమ్మ పోయినప్పుడు ఆమె మొక్క నుంచి చెరో కొమ్మ తెచ్చుకున్నారు ఇద్దరూ. ఈయన దగ్గరున్నదీ ముసలిదైపోయింది. కొమ్మలు తుంచి నాటితే ఒక్కటే వేళ్లు వేసింది. దాన్ని అక్కకి పంపాలనుకున్నాడు.

విమానంలో సరుకులతో పాటు వేస్తే చలికి మాడిపోతుంది. అందుకని రెండు పొరల చెక్కతో పెట్టె చేసి, మధ్యలో ఉన్ని కూరి, వేడినీళ్ల సీసాకి చోటు పెట్టాడు. పరీక్షించి చూస్తే తప్ప ఆయనకి నమ్మకం కుదరదు. మొక్క ఉండేచోట గ్లాసుడు నీళ్లు పెట్టి, పెట్టెని పెరట్లో మంచు మీద ఉంచాడు. మూడు గంటల తర్వాత కూడా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. విమానం పదికి లేచి పన్నెండుకి దిగుతుంది. గంట మిగులు.

సాయంత్రం మూత సరిచేస్తుంటే భార్య అడిగింది. "వదిన వాళ్లూరు ఎంత దూరమండీ?"

"నాలుగు వేల కిలోమీటర్లు."

"రెండు గంటల్లోనా? అది విమానమా, తారాజువ్వా?"

సుత్తి ఆగింది. అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, అక్కడిప్పుడు టైమెంత?"

"మూడు. మీకంటే మూడు గంటలు వెనకని ఎన్నిసార్లు చెప్పానురా."

తెలిసిన సంగతే. పన్నెండంటే అక్క గడియారంలో పన్నెండని మాత్రం బుర్రకెక్కలేదు. ప్రయాణం ఐదు గంటలు. ఇంకో పొర వేస్తే బరువు హద్దు దాటుతుంది. గొంతు తగ్గించి అంతా చెప్పాడు.

"పెట్టెలో పంపమని నేనడిగానా? ఒళ్లో పెట్టుకుని తీసుకురా, మొద్దూ. మనుషులు కూర్చునే చోట చలేముంది?"

"అంత దూరం నేనా?"

"మొక్క రాగా లేంది నువ్వు రాలేవా?"

భార్య అప్పటికే అటక మీది సూట్‌కేసు దించుతోంది. "వెళ్లిరండి. పెట్టె సంగతి నేను చూస్తాలెండి."

మర్నాడే సీటు దొరికింది. దారంతా కుండీని మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. కింద మంచు ఎంతకీ తరగలేదు. పటంలో చూసి భయపడినంత దూరమూ ఉంది, కాకపోతే కూర్చుంటే అయిపోయింది.

దిగగానే భార్యకి ఫోన్ చేశాడు. మీరు బయల్దేరగానే పెట్టెలో నీళ్ల గ్లాసు మళ్లీ పెట్టానంది. "నాలుగో గంటకే గడ్డకట్టిందండీ."

బయట అక్క నిలబడి ఉంది. తమ్ముడు కోటులో దాచి తెచ్చిన కుండీ అందుకుని, ఆకుల్ని వెలుతురుకి తిప్పి చూసుకుంది.

"నీ గొప్ప పెట్టె ఏదిరా?"

"పెట్టె మంచిదే అక్కా. దూరమే దానికి ఎక్కువైంది."

"మరి నీకు?"

"కాళ్లు కాస్త పట్టేశాయి, అంతే."