ఆకుపచ్చ కారుకి వంకలు పెట్టిన శనివారాలు

ఇప్పుడు మా మనవరాలు సోఫాలో కూర్చుని ఫోన్ మీద వేలితో నొక్కి చెప్పులు కొనేస్తుంది. ముట్టుకోదు, బేరం చెయ్యదు. ఆ రోజుల్లో మేం ఏదైనా కొనాలంటే ముందు దాన్ని కాసేపు తిట్టేవాళ్లం. తాడేపల్లిగూడెం సంతలో మా అమ్మ వెనకాల సంచీ మోస్తూ నేను నేర్చుకున్న చదువు అదే (బళ్లో చదివింది మూడో తరగతి దాకా, అదేం చదువులెండి). వంకాయలు నవనవలాడుతున్నా సరే "పుచ్చులున్నట్టున్నాయే" అనాలి, మొహం ముడుచుకోవాలి. పెళ్లయ్యాక ఆ విద్య ఒక్కటే వెంటపెట్టుకుని న్యూజిలాండ్ వచ్చి, లోవర్ హట్ అనే ఊళ్లో కాపురం పెట్టాను.

మా ఆయన (ఇప్పుడు లేరు) గ్యారేజీలో మెకానిక్కు. మా పక్కింట్లో ఒక తెల్లావిడ ఉండేది. పేరు నోరు తిరక్క దొరసాని గారనేదాన్ని. ఆవిడ భర్త పోయిన కొన్నాళ్లకి వాళ్ల వాకిట్లో రెండు పాత అమెరికా కార్లు అమ్మకానికి పెట్టారు. ఆ కార్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందట. ఒక్కో కారు మా వంటిల్లంత పొడుగు, వెనకాల చేప తోకలాంటి రెక్కలు. వాటిలో తెల్లదాన్ని పెట్టగానే ఎవరో కొనుక్కుపోయారు. ఆకుపచ్చది మిగిలింది.

ఓ శనివారం మా ఆయన "కొనేదేం లేదు, ఊరికే చూసొద్దాం రావే" అని లాక్కెళ్లారు. అక్కడ టోపీ పెట్టుకున్న ఒకాయన అప్పటికే కారు చుట్టూ తిరుగుతున్నాడు. నా చెయ్యి ఊరుకుంటుందా? బంపరు మీద వేలితో గీకి "రస్ట్" అన్నాను. సీటు వాసన చూసి ముక్కు మూసుకున్నాను. ఇంజను వైపు చూసి "టూ మచ్ పెట్రోల్" అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు దాదాపు అక్కడికి అయిపోయింది.

"ఒసేయ్, మనం కొనడం లేదే," అని మా ఆయన గొణిగారు.

"కొనకపోతే మాత్రం, కళ్లకి కనపడేది చెప్పకూడదా అండీ?"

టోపీ ఆయన తల గోక్కుని వెళ్లిపోయాడు. దొరసాని గారు ఇప్పుడు నన్ను దులిపేస్తుందనుకున్నాను. ఆవిడ లోపలికెళ్లి పువ్వుల కప్పులో టీ, రెండు బిస్కెట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. మా ఆయనతో చాలాసేపు మాట్లాడింది. ఆయన తెల్లబోయి నాతో అన్నారు: "వచ్చే శనివారం కూడా నిన్ను రమ్మంటోందే. వచ్చి ఇలాగే తిట్టాలిట."

సంగతేమిటంటే, ఇల్లు అమ్మేశారు. ఆవిడ దూరాన హెండర్సన్ అనే చోట ఉన్న కొడుకింటికి వెళ్లిపోవాలి. అక్కడ అంత కారుకి చోటు లేదు. ఎవరూ కొనకపోతే లారీ మీద వేయించుకుని తెస్తాలే అని కొడుకు ఒకసారి నోరుజారాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని వేలాడుతోంది. పెళ్లయిన రోజు భర్త పక్కన కూర్చుని వచ్చింది ఆ కారులోనేనట. కారు అమ్మనని కొడుకు మొహం మీద చెప్పే ధైర్యం లేదు.

అలా నాకు ఉద్యోగం దొరికింది. జీతం టీ, బిస్కెట్లు. ప్రతి శనివారం చీర కొంగు బిగించి వెళ్లేదాన్ని. తలుపు సరిగ్గా పడదని, అద్దం మసకని, గతుకు రోడ్డెక్కితే నడుం విరుగుతుందని చేతులతో అభినయించి మరీ చెప్పేదాన్ని. "నువ్వు అమ్మోరిలా ఉన్నావే, జనం దడుచుకుంటున్నారు," అనేవారు మా ఆయన. కొనడానికొచ్చినవాళ్లు నన్ను చూసి, కారుని చూసి, వాచీ చూసుకునేవారు. దొరసాని గారు కిటికీ తెర వెనక నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. భర్త పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలని తర్వాత తెలిసింది.

ఇల్లు ఖాళీ చేసే ముందు శనివారం కర్ర ఊతంగా ఒక ముసలాయన మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. నేను మామూలుగానే మొదలుపెట్టాను. తలుపు పడదన్నాను. ఆయన దాన్ని కాస్త పైకెత్తి మెల్లగా వేశాడు. చక్కగా పడింది. నాకు కోపం వచ్చింది. పెట్రోలు అన్నాను. మా ఆయన తర్జుమా చేశారు: "వాళ్లావిడ కూడా ఇదే అనేదిట. ఇలాంటి కారే ఉండేదిట వాళ్లకి. ఆవిడ జబ్బు ఖర్చులకి అమ్మేశాడట. ఆవిడా దక్కలేదు."

ఆయన స్టీరింగు దగ్గర కూర్చోలేదు. చుట్టూ తిరిగి వచ్చి అవతలి సీట్లో, ఆడవాళ్లు కూర్చునే వైపు కూర్చున్నాడు. సీటు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

నేను ఇంకా సీటు చిరుగు చూపిస్తూనే ఉన్నాను. దొరసాని గారు తెర వెనక నుంచి బయటికి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి "ఇనఫ్, డియర్," అంది. ఆ మాటకి నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. ఏప్రాన్ జేబులోంచి తాళాలు తీసి ఆవిడే ఆయన చేతిలో పెట్టింది. హెండర్సన్‌లో అయితే వానలో పట్టా కింద పడుంటుంది, ఈయన దగ్గర అయితే ఎవరో ఒకరు ఆ సీట్లో కూర్చుంటారు అందట మా ఆయనతో.

కారుని ఆయన మేనల్లుడు నడిపాడు. ముసలాయన మాత్రం ఆ అవతలి సీటు వదల్లేదు. మలుపు తిరిగేదాకా దొరసాని గారు చెయ్యి ఊపింది. కంట తడి లేదు. ఏడ్చింది నేను. స్లిప్పర్లతో రోడ్డు మధ్య నిలబడి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. దారినపోయే ఆవిడెవరో ఆగి, నా కారే పోయిందనుకుని నన్ను ఓదార్చింది. దొరసాని గారు తన ఏప్రాన్‌తో నా మొహం తుడిచింది.

"కారు ఆవిడది, పోయిన మొగుడూ ఆవిడ మొగుడే. మధ్యలో నీకేమైందే?" అన్నారు మా ఆయన.

"దుమ్ము పడిందండీ," అన్నాను.

ఆ రోడ్డు మీద నిలబడి ఏడ్చిన పిల్ల ఇప్పుడు నాకు ఎదురుపడితే, ఎందుకు ఏడ్చావో నేను చెబుతాను కూర్చోవే అంటాను. మా ఆయన పోయాక నాకు అర్థమైంది. కానీ ఆ పిల్ల వినే రకం కాదు. మొగుడికి అన్నం వడ్డించే వేళయింది, కబుర్లకి తీరిక లేదని కొంగు దులుపుకుని లోపలికి పోతుంది. పోనీలెండి, వడ్డించనివ్వండి.