పచ్చి సున్నం మీద జాజు రాత

మా చిన్నప్పుడు... నెల్లికుదురులో మా ఇంటి వీధి గోడ సుత్తి దెబ్బకు డొల్లగా మోగింది. మేస్త్రీ మల్లయ్య తాత చెయ్యి ఆపి, మా నాయిన వైపు కోపంగా చూశాడు.

"గోడకు గొంగడి కప్పినవ్ గద సేటూ! లోపటి చెమ్మ యాడికి పోవాలె?"

పాత ఇటుక గోడ అది. మట్టితో కట్టి, పైన సున్నం పూసింది. వానకు తడిసేది, ఎండకు ఆరేది. చెమ్మ మరకలు నలుగురికీ కనిపిస్తే నామోషీ అని నాయిన దానికి సిమెంటు పూత వేయించాడు. లోపల ఇటుక నాని పిండి అయింది... గోడలో దూరిన దూలం కొస కుళ్లింది. ఆ దూలం కిందే మా అవ్వ మంచం.

ఇంకో వాన పడితే గోడ ఆగదన్నాడు తాత. అప్పటికే మబ్బు కమ్ముకొస్తోంది. పూత రాల్చి, ఇటుకలు మార్చాల్సిందే.

చిక్కల్లా ఒక్కటే... ఆ పూత మీద ఎర్రమట్టి జాజుతో మూరెడేసి అక్షరాలు. "జై తెలంగాణ".

ఉద్యమం ఊపు మీదున్న రోజులు. పైగా బంద్ నాడు నాయిన కిరాణం తలుపు ఓరగా తీసి ఎవరికో ఉప్పు ఇచ్చాడని ఊరంతా గుసగుసలు. తాత ఉలి "ణ" మీద పడిందో లేదో, పదిమంది కుర్రాళ్లు చుట్టుముట్టారు.

"ఏంది సేటూ, గా రాత మీద గంత కండ్లమంటనా?" అంటూ ముందున్న రాజన్న, మల్లయ్య తాత చేతిలో సుత్తి గుంజుకున్నాడు.

నాయినను కొడతారనే అనుకున్నాను.

లోపల్నుంచి అవ్వ వచ్చింది. రాజన్న చెయ్యి పట్టుకుని దూలం దగ్గరికి లాక్కుపోయింది.

"జర గీడ ఏలు పెట్టు బిడ్డా."

పెట్టాడు. వేలు కణుపు దాకా దిగింది. చెక్కపొట్టు అతని నెత్తి మీద రాలింది.

"గోడ కూలినంక యాడ రాస్తర్రా?" అంది అవ్వ.

రాజన్న బయటికి వెళ్లి, "మన టెంటు గుంజలు పీక్కరాండ్రిరా!" అని అరిచాడు.

ఉద్యమం కోసం వాళ్లు వేసుకున్న దీక్ష టెంటు గుంజలే మా దూలాన్ని ఆపే పోటు అయ్యాయి. పూత రాల్చింది కూడా వాళ్లే. తొలి చినుకు పడేసరికి టెంటు గుడ్డ మా గోడ మీద ఉంది.

ఇటుకలు మార్చాక తాత సున్నం పూశాడు. "ఆరనియ్యుండ్రిరా!" అని ఎంత తిట్టినా ఆగకుండా, రాజన్న పచ్చి సున్నం మీదే మళ్లీ జాజుతో రాశాడు. ఆ తొందరే మంచిదైంది... రంగు సున్నంలోకి ఇంకిపోయింది. ఏటా వెల్ల వేసినా లీలగా కనిపించేది.

రాష్ట్రం వచ్చింది. అవ్వ లేదు, తాతా లేడు, ఆ గోడా లేదు.

మొన్న వానకు మా కొత్త ఇంట్లో మంచం వెనక పుట్టీ ఉబ్బింది. బాగు చేయడానికి వచ్చిన రంగులాయన గోడను కనీసం వేలితో తట్టి కూడా చూడలేదు. "రంగేస్తె కనవడదు మేడం" అన్నాడు... అచ్చం మా నాయిన లాగే.

గోడను తట్టి దాని బాధ చెప్పే మేస్త్రీ మీ ఊళ్లో ఇంకా ఉన్నాడా? ఉంటే చెప్పండి... ఎంత దూరమైనా వస్తాను.