మామిడి గుజ్జు స్నానం

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి, వాల్వుల్లో లీకు ఆపే రబ్బరు సీళ్లు డిజైన్ చేయడం ఉద్యోగంలో నా మొదటి పని. ఆవిరితో ఎన్నిసార్లు కడిగినా చెక్కుచెదరని రబ్బరు ఎంచాను.

సీజను మొదటి రోజు, "చుక్క కారదు సార్" అని ఓనరు ముందు వాల్వు తిప్పాను. కదల్లేదు. బలంగా తిప్పేసరికి సీలు చిరిగి, గుజ్జు చిమ్మి ఇద్దరం తడిసిపోయాం.

విప్పితే సీలు ఉబ్బి ఉంది. ఆ రబ్బరుకు నూనె పడదు.

"పూజ చేసి, నిన్నంతా నువ్వుల నూనెలో పెట్టినామమ్మా," అన్నాడు ఫోర్‌మన్ మునిరత్నమన్న. "నూనె రాయకుండా బిడ్డకు యాడన్నా నీళ్లు పోస్తారా?"

గడ్డం తుడుచుకుంటూ ఓనరు కూడా తలూపాడు.

ఇక చేసేదేముంది, రబ్బరే మార్చాను. ఇప్పుడు ఏ సీలునైనా ముందు నువ్వుల నూనెలో నానబెట్టి చూస్తాను. నేను దాన్ని పరీక్ష అంటాను. మునిరత్నమన్న మాత్రం పూజే అంటాడు.