మా నాన్న కొట్టిన నీలం గోడ

నిన్న మన పాత చర్చి మరమ్మతులు చూడ్డానికి వెళ్లాను. తడి సున్నం వాసనకు గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి.

సండే స్కూల్ స్నేహితులారా, గుర్తుందా? క్రిస్మస్ ముందు చర్చికి ఇంటికో గోడ చొప్పున మనవాళ్లే సున్నం కొట్టేవాళ్లు. మా నాన్న కలిపే సున్నంలో నీలిమందు ఎప్పుడూ ఎక్కువే పడేది. "సముద్రం తెచ్చి పూసినాడే మీ నాయన!" అని మీరు నవ్వితే నాకు ఏడుపొచ్చేది. ఆయన పోయాక, ఆయన చేతి పని మిగిలింది ఆ గోడ మీదే.

ఇప్పుడు దాన్నే గీకుతున్నారు. నీలం పెచ్చులు నేలంతా రాలి ఉన్నాయి.

"ఎందుకన్నా గీకడం?" అని మేస్త్రీని అడిగాను.

"ఇదంతా పై సున్నమే కదక్కా. గీకితేనే అసలు గోడ బయటపడేది."

ఒక పెచ్చు తీసుకుంటే వేళ్ల మధ్యే పొడైపోయింది.

అసలు గోడట. దాన్ని మా నాన్న ఏనాడూ చూడలేదు. మీరూ నేనూ కూడా చూడలేదు.