రెండో సీటు

రాసుకోరా కన్నా. మంగళగిరి నుంచొస్తుంటే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది, ఒళ్ళో బొమ్మ ఇటుకలతో కట్టిన రాకెట్టు పెట్టుకుని. నా నోరు ఊరుకోదుగా, "మనవడికా అమ్మా?" అన్నా.

"ఇది స్పేస్‌షిప్ అండీ. మావారు కట్టారు. ఆయన పోయి నెలైంది. ఎప్పుడూ విప్పడం, ఇంకోలా కట్టడం. మొదట మా ఇద్దరికీ సీట్లుండేవి. ఆస్పత్రిలో ఉండగా నా సీటు తీసేసి, ఇప్పుడు బాగా కుదిరిందన్నారు."

పిడికిలి విప్పింది. అందులో గోరంత నీలం సీటు.

"మళ్ళీ పెడదామంటే చోటు లేదండీ. అక్కడంతా ఇటుకలతో నింపేశారు."

బెంజ్ సర్కిల్ దాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నా.

ఇంటికొచ్చి మీ తాతయ్య పక్కనే కూర్చుంటే, "ఏంటే, ఇవాళ నోటికి సెలవా?" అన్నారు.