పడుగు కింది బండి

ఎవరినైనా సాయం అడగాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం మీదికొస్తుంది. ఆకలేస్తోందని చెప్పడానికి కూడా సిగ్గుపడి వంటింటి గడప దగ్గర ఊరికే నిలబడేవాణ్ణట. “అడగందే అమ్మైనా అన్నం పెట్టదు” అని మా అమ్మ అందరిముందూ నన్ను చూసి అనేది. అప్పుడు ఇంకా ముడుచుకుపోయేవాణ్ణి.

ఎమ్మిగనూరులో మా వీధి అంతా మగ్గాలే. మా నాయన పోయాక మా ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నాకు నేత అబ్బలేదు. ఆదోనిలో ఒక షాపులో వెల్డింగ్ నేర్చుకుని, ఒక పాత మిషన్ సంపాదించుకుని, ఎనభైల మొదట్లో ఇంటికి తిరిగొచ్చాను. నాయన కాళ్లు దించుకుని కూర్చున్న మగ్గం గుంటను మట్టితో పూడ్చి, పైన బండలు పరిచి, ఆ గదినే వర్క్‌షాపు చేసుకున్నాను. ఆ రోజు ఎదురింటి పెదనాయన వచ్చి, గడపలోంచే పూడ్చిన గుంటను చూసి వెళ్లిపోయాడు. ఒక మాట తిట్టి ఉన్నా బాగుండేది.

ఆ మిషన్ లోపల రాగి చుట్లు, వాటి చుట్టూ నూనె. కదపాలంటే నలుగురు మనుషులు కావాలి, వంచితే నూనె ఒలుకుతుంది. బయట పని దొరికినప్పుడల్లా గుమ్మంలో నిలబడి వీధిలోకి కేకెయ్యాలి. కేక వినబడగానే పెదనాయన ఇంట్లో మగ్గం చప్పుడు ఆగేది. తర్వాత పక్కింట్లో ఆగేది. ఆ పై ఇంట్లో ఆగేది. గుంటల్లోంచి లేచి, పంచెలు దులుపుకుంటూ వచ్చి, మిషన్‌ను ఎత్తి ఎడ్లబండిలో పెట్టి పోయేవాళ్లు. ఎవరూ విసుక్కోలేదు. కానీ మగ్గం వదిలేసినవాణ్ణి నేను. నా కోసం వాళ్ల మగ్గాలు ఆపుతున్నాను. ఆ చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగుతుంటే నాకు తల తీసేసినట్టుండేది.

అందుకే మిషన్‌కు చక్రాల బండి చేసుకోవాలనుకున్నాను. ఇనుప యాంగిళ్లు కోసి చట్రం కట్టాను. ఒక మూల పూర్తిగా అతికిస్తే వేడికి చట్రం అటే లాక్కుపోతుంది. అందుకని ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా అతికిస్తూ, ఇంట్లో మిగిలిన నూలుదారంతో మూల నుంచి మూలకు కొలుచుకుంటూ పోయాను. చక్రాలుగా ఆదోని పాత ఇనుప సామాన్ల అంగట్లో తెచ్చిన బేరింగులు పెట్టాను. కేబుల్ చుట్టుకోవడానికి వెనక రెండు కొమ్ములు, వెల్డింగ్ రాడ్లకు పక్కన ఒక డబ్బా.

అన్నిటికంటే నేను మురిసిపోయింది దాని ఎత్తు చూసి. మా వీధిలో పొద్దున్నే పడుగు సాగదీస్తారు. చీరల నిలువు పోగులన్నీ ఈ చివర నుంచి ఆ చివరికి నడుమెత్తున కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతారు. ఆరేదాకా దాన్ని దాటాల్సినవాళ్లు కేకేస్తే, దువ్వేవాళ్లే వచ్చి పోగులు చెదరకుండా పైకెత్తి దారిస్తారు. నాకు ఆ కేక కూడా వేయాలని లేదు. అందుకే మిషన్ పెట్టినా పడుగు కిందినుంచి దూరిపోయేంత పొట్టిగా చేశాను బండిని. నేతగాడి కొడుక్కి తప్ప ఇంకెవరికీ రాని తెలివి అది.

గదిలో బండల మీద బండి నున్నగా దొర్లింది. మరునాడే బస్టాండు దగ్గర హోటలాయన షట్టరు విరిగిందని కబురు పెట్టాడు. వీధిలో పెదనాయన పడుగు తడిగా ఉంది. నేను గొంతుక్కూర్చుని, బండిని ముందుకు తోసుకుంటూ కింద దూరాను. సరిగ్గా మధ్యలో, కాలవ మీద పరిచిన బండల సందులో బేరింగు దిగబడింది.

లేస్తే పోగులు తెగుతాయి. బండి వదిలితే ఒరిగి నూనె ఒలుకుతుంది. ఆ పడుగు పెదనాయన ఇంటికి ఎన్నో రోజుల తిండి. కదలకుండా అట్లాగే కూర్చున్నాను. దువ్వేవాళ్లు అటూ ఇటూ నడుస్తూ నా మీదుగానే కుంచెలు లాక్కుంటూ పోయారు. గంజి నా తల మీద పడుతోంది. ఒక్కరన్నా నవ్వి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. మా అమ్మ గుమ్మంలోకి వచ్చి, చూసి, లోపలికి వెళ్లిపోయింది. నేల చీలితే బాగుండుననిపించింది.

పెదనాయన కుంచె పక్కన పెట్టి, వంగి చూశాడు.

“లేయొద్దప్పా, అట్లే ఉండు. ఎండొస్తాంది, ఆరుతాది,” అన్నాడు. తర్వాత చట్రం మీద చెయ్యి వేసి తడిమాడు. “బాగా సేసినావు. ఇంత పొట్టిగా యాల సేసినావు?”

ఆయన బండిని చూశాడు, పైన పడుగును చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆ ముఖం చూసి నేను తల వంచుకున్నాను.

“పిలిస్తే మేం రామా అప్పా?”

కోపంగా అనలేదు. నొచ్చుకుని అన్నాడు. అడగడం సిగ్గనుకుని బతికినవాణ్ణి. అడగకపోతే ఇంకొకరికి దెబ్బ తగులుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

పడుగు ఆరాక వాళ్లే దాన్ని పైకెత్తారు. ఎప్పుడూ మిషన్ ఎత్తే నలుగురే వచ్చి బండిని సందులోంచి లేపి అవతల పెట్టారు. హోటలాయన ఆలస్యానికి గొణిగాడు గానీ, నా జుట్టులో అట్టకట్టిన గంజి చూసి ఇంకేమీ అడగలేదు.

ఇంటికి వచ్చి బండి నాలుగు మూలల్లో నాలుగు ఇనుప కడియాలు అతికించాను, పట్టుకుని ఎత్తడానికి. ఆ పని చేస్తున్నంతసేపూ చెవులు మండుతూనే ఉన్నాయి.

మళ్లీ పని దొరికిన రోజు వీధిలో పడుగు లేదు. కాలవ మాత్రం అక్కడే ఉంది. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను, చిన్నప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడినట్టే. సిగ్గు పోలేదు. అయినా కేకేశాను.

“పెద్నాయనా, రోంత చెయ్యెయ్యండి.”

ఎదురింట్లో మగ్గం చప్పుడు ఆగింది.